అడవికి ఒకే ఒక్క కత్తి, మడత లేనిది: ఏది కొనాలి?

వంశధార_గాలి | శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. సెలవు దొరికితే చాలు మేం నలుగురైదుగురం స్నేహితులం కొండలెక్కుతుంటాం. మందస వైపు నుంచి మహేంద్రగిరి దారి, సీతంపేట గూడేల మీదుగా ఉన్న కాలిబాటలు, ఒక్కోసారి తాటిపూడి రిజర్వాయరు పక్కన రాత్రి మకాం. ఇన్నాళ్లూ వంటింటి చాకునే అట్టముక్కలో చుట్టి బ్యాగులో పడేసేవాణ్ని. ఇక పద్ధతిగా ఒకటి కొనాలి. మడత కత్తి వద్దు, కీలులో మట్టి చేరితే దానితో వేగలేను. ఫిక్స్‌డ్ బ్లేడే కావాలి. దారి తప్పి ఒక రాత్రి అడవిలోనే ఉండిపోవాల్సి వస్తే, చేతిలో అదొక్కటే ఉన్నా పని జరగాలి.

బడ్జెట్ మూడు వేలు. మరీ నచ్చితే ఇంకో వెయ్యి. వీడియోలు చూస్తే ఒకాయన ఏడంగుళాలు ఉండాలంటాడు, ఇంకొకాయన నాలుగు చాలంటాడు, మరొకాయన పావు అంగుళం మందం లేనిది కత్తే కాదంటాడు. బుర్ర తిరిగిపోతోంది. మన కొండలు తెలిసినవాళ్లు చెప్పండి.

గోస్తని_దారి | శృంగవరపుకోట

తమ్ముడూ, ముందు కత్తితో నీకు పడే పనులేమిటో రాసుకో. తాడు కోయాలి. టార్పాలిన్ కట్టడానికి మేకులు చెక్కుకోవాలి. వెదురు చీల్చాలి. వానలో తడిసిన కట్టెలో పొడి భాగం బయటికి తీసి నిప్పు రాజెయ్యాలి. ఉల్లిపాయ తరగాలి, చేప దొరికితే శుభ్రం చెయ్యాలి. ఇందులో ఏడంగుళాల కత్తి అడిగే పని ఒక్కటైనా ఉందా?

స్వీడన్ వైమానిక దళం తన పైలట్లకి ఇవ్వడానికి తీసుకున్న కత్తి ఫాల్క్‌నైవెన్ ఎఫ్1. 1995 నుంచి ఇస్తున్నారు. విమానం కూలి మంచు అడవిలో పడ్డవాడి కోసం చేయించిన కత్తి బ్లేడు 97 మిల్లీమీటర్లు, అంటే నాలుగంగుళాలు కూడా లేదు. తాటిపూడి పక్కన పడుకునే మనకి ఏడెందుకు చెప్పు?

దాన్నే కొనమనడం లేదు, దాని ధర మన అందుబాటులో లేదు. కొలత గురించి చెబుతున్నా. మూడున్నర నుంచి నాలుగున్నర అంగుళాలు, అంతే.

సాలూరు_లారీ | సాలూరు

ఆన్‌లైన్‌లో డబ్బులు తగలెయ్యకండి బాబూ. మా ఊరికి రండి. ఇప్పుడు మాది పార్వతీపురం మన్యం జిల్లా అంటున్నారు గానీ, 2022 దాకా విజయనగరమే కదా, కాబట్టి ఈ చర్చలో నాకూ హక్కుంది. లారీ కమాను పట్టీ ముక్క ఒకటి పట్టుకుని కమ్మరి దగ్గర కూర్చుంటే సాయంత్రానికి కత్తి మీ చేతిలో ఉంటుంది. మా క్లీనర్లు దాంతోనే కొబ్బరిబోండం కొడతారు, టైర్ల కింద చెక్క చెక్కుతారు, కోడిని కోస్తారు. విదేశీ కత్తి ఏం పొడుస్తుంది దీనికంటే?

కొలిమి_దగ్గర | బొబ్బిలి

సాలూరు అన్నా, మాది కమ్మరి కుటుంబమే, అందుకని ఒక మాట.

పట్టీ మంచి ఉక్కే. అందులో కార్బన్ అర శాతానికి కాస్త పైన ఉంటుంది. దానికి తోడు రకాన్ని బట్టి సిలికానో క్రోమియమో కలుపుతారు. దెబ్బలు తట్టుకోవడానికే పుట్టిన ఉక్కు అది. కాకపోతే ఏళ్ల తరబడి బరువు మోస్తూ ఊగిన పట్టీలో కంటికి కనపడని పగుళ్లుంటాయి, మధ్య బోల్టు రంధ్రం చుట్టూ మరీను. అలాంటి ముక్కతో కొట్టిన కత్తి బయటికి బాగానే కనిపిస్తుంది, ఒకరోజు వెదురు కణుపు మీద ఠక్కున రెండు ముక్కలవుతుంది. కొత్త పట్టీలు కోసేచోట మిగిలిన తుంట దొరికితే అది తెచ్చుకోండి.

అసలు సంగతి ఉక్కు కంటే కాపడంలో ఉంది. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి, రెండు రుద్దులు రుద్ది ఇచ్చేస్తే ఆ కత్తి పెళుసుగా ఉంటుంది. మా నాన్న చేసే పద్ధతి చెబుతాను. కాలిన ముక్కకి అయస్కాంతం తగిలిస్తారు. అంటుకుంటే ఇంకా కాలాలి. అంటుకోవడం మానేశాక ఇంకొంచెం వేడి ఎక్కనిచ్చి, ముందే వెచ్చచేసి పెట్టిన నూనెలోకి నిలువుగా దించుతారు. నూనెలో పైకీ కిందికీ ఆడించాలి గానీ పక్కలకి కదిపారంటే బ్లేడు వంగి కూర్చుంటుంది. తీశాక ఆకురాయి పెట్టి రుద్దితే జారిపోవాలి, కొరికిందంటే పని మళ్లీ మొదటికి.

అప్పుడు గరుకు కాగితంతో మెరిసేలా తోమి, వెన్ను వైపు నుంచి, అంటే అంచుకి ఎదురుగా ఉండే మందపు వైపు నుంచి, మెల్లగా వేడి చూపిస్తారు. ఉక్కు మీద రంగులు నడుస్తాయి: లేత పసుపు, గోధుమ, తర్వాత ఊదా, ఆ తర్వాత నీలం. అంచు దగ్గర పసుపు దాటి గోధుమ రంగు తొంగిచూడగానే నీళ్లలో పెట్టేస్తారు. అంటే అంచు సుమారు 240 నుంచి 250 డిగ్రీల దగ్గర ఆగిందన్నమాట. వెన్ను నీలంలోకి వెళ్లిపోయినా ఫర్వాలేదు, అక్కడ మెత్తదనమే కావాలి. కేకుల ఓవెన్ ఉన్నవాళ్లు 200 దగ్గర రెండు గంటల చొప్పున రెండు విడతలు ఉంచినా సరిపోతుంది.

కొనేముందు ఒక పరీక్ష ఉంది. ఇత్తడి కడ్డీ మీద అంచు ఆనించి కొంచెం వాలుగా నొక్కండి. అంచు సన్నగా వంగి, వదలగానే తిన్నగా రావాలి. వంగినది వంగినట్టే ఉంటే మెత్తన. చిట్లితే పెళుసు. ఏ కమ్మరి దగ్గరైనా ఇది చేసి చూపించమనండి. కాదన్నాడంటే కొనకుండా వచ్చెయ్యండి.

సాలూరు_లారీ | సాలూరు

ఇంత భాగోతం ఉందా తమ్ముడూ దీని వెనక! మా వాళ్లు నీళ్లలోనే ముంచుతారు మరి. విరిగితే ఇంకోటి కొట్టించుకుంటారు, అదీ నిజమే.

ఉద్దానం_జీడి | వజ్రపుకొత్తూరు

అడవి, ట్రెక్కింగ్ అని మాట్లాడుకుంటున్నారు, బాగుంది. మాకు మాత్రం అడవే ఇంటి మీదికొచ్చింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను తీరం దాటింది మా పక్కనే. తెల్లారేసరికి రోడ్ల మీద జీడి, కొబ్బరి చెట్లు తప్ప రోడ్డు కనపడలేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. అప్పుడు నాలుగంగుళాల కత్తి ఏం చేస్తుంది? మా ప్రాణం నిలబెట్టింది గొడ్డలీ, రంపమూ. అందుకే నా ఓటు పెద్ద కత్తికే.

గోస్తని_దారి | శృంగవరపుకోట

అన్నా, మీరు చెప్పిన దాంట్లోనే జవాబుంది. ప్రాణం నిలబెట్టింది గొడ్డలీ రంపమూ అన్నారు, పెద్ద కత్తి అనలేదు. ఏడంగుళాల కత్తితో కొబ్బరి మాను నరకగలిగారా? లేదు కదా. పెద్ద కత్తి గొడ్డలి పని పూర్తిగా చెయ్యదు, చిన్న కత్తి పని హాయిగా చెయ్యనివ్వదు. దానికంటే చిన్న కత్తి నడుముకి, మడత రంపం బ్యాగులో. మణికట్టంత కొమ్మని మడత రంపం కోసినంత వేగంగా, చడీచప్పుడు లేకుండా ఏ కత్తీ కొయ్యదు. ఒకే కత్తి అన్నాడు గానీ, ఒకే పనిముట్టు అనలేదు కదా వంశధార తమ్ముడు.

ఉద్దానం_జీడి | వజ్రపుకొత్తూరు

లాయరు పాయింటు లాగావు. సరే, రంపానికి ఒప్పుకుంటా.

ఇంకో సంగతి. మా తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, తెల్లవారుజామున, చీకటి పడే వేళ మరీను. కత్తి ఉంది కదా అని ధైర్యం చేసే కుర్రాళ్లని చూశాను. ఎలుగు మీద పడ్డాక కత్తి ఒరలోంచి తీసే వ్యవధి ఉండదు. గట్టిగా మాట్లాడుకుంటూ, కర్రతో చప్పుడు చేసుకుంటూ నడవండి. ఏనుగులకీ అంతే. కత్తి ఆయుధం అనుకున్నవాడికి కొలత ఎంత చెప్పినా తప్పే అవుతుంది.

హీరో_బాయ్ | విజయనగరం

పిడిలో దిక్సూచి, లోపల అగ్గిపుల్లలు, గాలం, వెన్ను మీద రంపం పళ్లు ఉన్న కత్తి ఆఫర్‌లో వస్తోంది గురూ. అన్నీ ఒక్కదాంట్లోనే!

కొలిమి_దగ్గర | బొబ్బిలి

బాబూ, పిడి బోలుగా ఉందంటే బ్లేడుకి లోపల పట్టు లేనట్టే. ఒక చిన్న మొలకి నట్టు బిగించి ఆపుతారు. వెదురు మీద పెట్టి దుడ్డుకర్రతో నాలుగు దెబ్బలు వేస్తే పిడి చేతిలో, బ్లేడు గడ్డిలో. వెన్ను మీద పళ్లు కట్టెని కొయ్యవు, కోసేది నీ బొటనవేలినే. వెన్ను మీద బొటనవేలు ఆనించి నొక్కేటప్పుడు తెలుస్తుంది.

వంశధార_గాలి | శ్రీకాకుళం

చాలా సంగతులు తెలిశాయి, అందరికీ థాంక్స్. గోస్తని అన్నా, నాలుగంగుళాలు అనుకుంటే మోరా కంపెనీ వాళ్ల కంపానియన్ అనే కత్తి నా బడ్జెట్‌లో వస్తోంది. కానీ అది ఫుల్ ట్యాంగ్ కాదట. పిడి చివరిదాకా ఉక్కు లేకపోతే విరిగిపోతుందని కామెంట్లలో భయపెడుతున్నారు. రెండోది, కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా?

గోస్తని_దారి | శృంగవరపుకోట

ట్యాంగ్ గురించి: పిడి చివరిదాకా ఒకే ఉక్కు ఉంటే గట్టిదనం ఎక్కువ, అందులో వాదన లేదు. అదే కంపెనీ గార్‌బెర్గ్ అలాంటిదే. 3.2 మిల్లీమీటర్ల మందం, 10.9 సెంటీమీటర్ల బ్లేడు, ఫుల్ ట్యాంగ్. కానీ నీ బడ్జెట్ చాలా దాటిపోతుంది. కంపానియన్‌లో ఉక్కు పిడి లోపల కొంతదూరం వెళ్లి ఆగుతుంది. మామూలు రకం మందం 2.5, హెవీ డ్యూటీ రకం 3.2. నువ్వు దాన్ని మీట కడ్డీలా వాడకపోతే, చింతమొద్దు మీద దుడ్డుకర్రతో బాదకపోతే, విరిగే ప్రశ్నే రాదు. మన దగ్గర చీల్చేది ఎక్కువగా వెదురే. వెదురుకి మందం కత్తి కంటే పల్చని కత్తే మేలు. మొదటి రెండు కణుపులు దిగేదాకానే కష్టం, తర్వాత చేత్తో లాగినా విచ్చుకుంటూ పోతుంది. చీలిన బద్ద అంచు కత్తి కంటే పదును, చేతికి గుడ్డ చుట్టుకో.

కంపానియన్ వాలు సంగతి కూడా చెప్పాలి. బ్లేడు సగం నుంచి అంచుదాకా ఒకే ఏటవాలు, స్కాండి గ్రైండ్ అంటారు. సానరాయి మీద ఆ వాలు మొత్తం ఆనించి రుద్దడమే, కోణం కోసం తడుముకోనక్కర్లేదు. కొత్తగా సానపట్టడం నేర్చుకునేవాడికి ఇంతకంటే సులువైనది లేదు. రాయి మర్చిపోతే పింగాణీ కప్పు తిరగేసి, అడుగున మెరుపు లేని గరుకు అంచు మీద రుద్దు, పని జరుగుతుంది.

ఒక్క లోపం ఉంది. కంపానియన్ వెన్ను అంచులు గుండ్రంగా ఉంటాయి. ఫెర్రో రాడ్ (గీస్తే నిప్పురవ్వలు రాల్చే కడ్డీ) మీద గీస్తే రవ్వలు సరిగ్గా రాలవు. పిడి వైపు రెండంగుళాల మేర వెన్నుని ఆకురాయితో చదును చేసి, మూల పదునుగా నిలబెట్టు. ఆ మూల ఇంకో పనికి కూడా వస్తుంది: ఎండు వెదురు పచ్చపొరని దానితో గీకుతూ ఉంటే దూదిలాంటి పొట్టు గుప్పెడు పోగవుతుంది. రవ్వ పడగానే అంటుకుంటుంది. వానాకాలంలో మన కొండల్లో దీన్ని మించిన రాజేసే సరుకు నాకు తెలీదు. పొట్టు మీద సన్నపుల్లలు, పుల్లల మీద తడి కట్టె చీల్చి తీసిన లోపలి చీలికలు. కింద పడి ఉన్న కట్టె కాకుండా నిలబడి ఎండిన కొమ్మ వెతుక్కో.

కళింగపట్నం_ఒడ్డు | గార

రెండో ప్రశ్నకి నేను చెబుతా. మాది సముద్రపు గాలి. కార్బన్ స్టీలు కత్తి రాత్రి తుడవకుండా పడుకుంటే పొద్దున్నకి ఎర్రచుక్కలు. చేప కోసి కడగకపోతే ఇంకా ఘోరం. పచ్చి మామిడికాయ తరిగితే బ్లేడు నల్లబడుతుంది, ముక్కకి ఇనుప వాసన. ఆ నలుపు హాని కాదు, తుప్పుని కాస్త ఆపుతుంది కూడా. కానీ ఓపిక ఉన్నవాడికే కార్బన్. వారానికొకసారి పల్చగా కొబ్బరినూనె రాసేవాడివైతే తీసుకో, లేదంటే స్టెయిన్‌లెస్. కార్బన్ త్వరగా పదునెక్కుతుంది, నిజమే. కంపానియన్ స్టెయిన్‌లెస్ రకం కూడా మామూలు రాయి మీద సుబ్బరంగా సానకి వస్తుంది. స్టెయిన్‌లెస్ అంటే పదును నిలవదన్నది పాత మాట.

ఏ రకమైనా సరే, తోలు ఒరలో పెట్టి నెలల తరబడి అటక మీద ఉంచకండి. తోలు చెమ్మ పీల్చి బ్లేడుకి పట్టిస్తుంది. ప్లాస్టిక్ ఒర అయితే అడుగున నీళ్లు కారే బెజ్జం ఉందో లేదో చూసుకోండి.

నల్లకోటు | విజయనగరం

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. 2016 ఆయుధ నియమాల్లో, బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు గానీ 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పని, వ్యవసాయం, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాల కోసం చేసినవాటికి మినహాయింపు ఉంది. రైతు కత్తికి అందుకే ఇబ్బంది రాదు. నాలుగంగుళాలది ఆ కొలతల్లోకి రానే రాదు. అలాగని బస్టాండులో నడుముకి వేలాడదీసుకుని తిరిగితే కానిస్టేబుల్ ఆపడం ఖాయం, అప్పుడు కొలతలు చెప్పి లాభం లేదు. ఒరలో పెట్టి బ్యాగు అడుగున సర్దుకోండి. విమానం ఎక్కితే చెక్-ఇన్ సామానులోనే.

అసలు జాగ్రత్త అభయారణ్యాల దగ్గర. 1972 వన్యప్రాణి చట్టం 31వ సెక్షన్ ప్రకారం, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లకూడదు. ఆ చట్టం ఆయుధం అన్నదాంట్లో కత్తి కూడా ఉంది, పొడవుతో పని లేదు. మన సరిహద్దు దాటితే ఒడిశాలో లఖారి లోయ అభయారణ్యం ఉంది. మహేంద్రగిరి శిఖరం కూడా ఒడిశా గజపతి జిల్లాదే. మీ దారి ఎటు పోతుందో ముందే అటవీ సిబ్బందిని అడగండి. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం కూడా నేరమే. పైన గోస్తని గారు చెప్పిన వెదురు పొట్టు విద్య అనుమతి ఉన్నచోటో, నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడో వాడుకోండి. పచ్చ వెదురు నరికినా అదే తంటా.

గోస్తని_దారి | శృంగవరపుకోట

ఒప్పుకుంటున్నా సర్. మేం సాధన చేసేది మా పెరట్లోనే.

పీహెచ్‌సీ_అక్క | పాతపట్నం

రెండే మాటలు చెప్పి వెళ్లిపోతాను, డ్యూటీ ఉంది. కత్తి కొంటున్నాడంటే పాము కాటుకి కోసి రక్తం పీల్చడానికని ఎవరో ఒకరు అంటారు. దయచేసి వద్దు. గాటు పెట్టొద్దు, పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. కాటు పడ్డ కాలుని కదలనివ్వకుండా, మనిషిని నడిపించకుండా, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి మోసుకెళ్లండి. కోసి తీసుకొచ్చినవాళ్లకి పాము విషంతో పాటు ఆ గాయమూ మేమే చూడాల్సి వస్తుంది.

రెండోది: కూర్చుని పుల్ల చెక్కేటప్పుడు తొడల మధ్య పెట్టుకుని చెక్కొద్దు. కత్తి జారితే తొడ లోపలి పెద్ద రక్తనాళం అక్కడే ఉంది. ఆసుపత్రి గంటల దూరంలో ఉన్నచోట అది తెగితే చెప్పేదేముంది. మోకాళ్లకి అవతలో, పక్కకి తిరిగో చెక్కండి. ఒంటికి దూరంగా, ముందుకి. పిడి చేతికి పట్టు లేక జారితేనే ఈ గాయాలు ఎక్కువ, కాబట్టి కొనేముందు తడిచేత్తో పట్టుకుని చూడు బాబూ.

వంశధార_గాలి | శ్రీకాకుళం

అక్కా, ఆ తడిచేతి మాట వినగానే మా ఫ్రెండు దగ్గరున్న కంపానియన్ అడిగి తెచ్చుకుని సబ్బు చేత్తో పట్టి చూశాను. పిడి మీద రబ్బరు పొర ఉండడంతో జారలేదు. వేలు బ్లేడు మీదికి వెళ్లకుండా ముందు గడ్డ కూడా ఉంది. కాబట్టి హెవీ డ్యూటీ, స్టెయిన్‌లెస్, ఖాయం. మిగిలిన డబ్బుతో మడత రంపం.

కానీ సాలూరు అన్న మాట కూడా మనసులోంచి పోవడం లేదు. ఊరి దగ్గర మకాం వేసేటప్పుడు కొబ్బరిబోండాలకీ కట్టెలకీ కమ్మరి కత్తి ఒకటి ఉంటే బాగుంటుంది. కొలిమి తమ్ముడూ, మీ నాన్నగారు ఒకటి కొట్టిస్తారా? ఎనిమిదంగుళాలు దాటకుండా, నల్లకోటు గారికి కోపం రాకుండా.

సాలూరు_లారీ | సాలూరు

చూశారా! చివరికి కమాను పట్టీ దగ్గరికే వచ్చారు.

ఉద్దానం_జీడి | వజ్రపుకొత్తూరు

ఒక్క కత్తి అని మొదలెట్టి రెండు కత్తులూ ఒక రంపమూ దగ్గర తేలాడు. ఇంకో వారం ఆగితే గొడ్డలి కూడా కొనిపిస్తాం.

కొలిమి_దగ్గర | బొబ్బిలి

కొట్టిస్తారన్నా. కొత్త పట్టీ తుంట ఇంట్లో ఉంది. నాన్న అడగమన్నారు: కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా? ఒకవైపే సానపట్టాలా, రెండువైపులా పట్టాలా? పిడి తుమ్మదైతే పండగ తర్వాత ఇస్తారట. వెదురు వేరుదైతే దొరికేదాకా ఆగాలి.

వంశధార_గాలి | శ్రీకాకుళం

కుడిచేతి వాటమే. రెండువైపులా పట్టమనండి. తుమ్మ చాలు. ఇత్తడి కడ్డీ నేనే తెస్తాను, నాన్నగారు ఏమీ అనుకోరు కదా?

కొలిమి_దగ్గర | బొబ్బిలి

అనుకోరు. ఆయన దగ్గరే రెండున్నాయి.